యాంటీబాడీ ఖండాలతో అలెర్జీ శ్వాసనాళ వాపు చికిత్స: ఎలుక నమూనా, దక్షిణ రాయలసీమ నేపథ్యం

నిర్వచనం, పరిధి

యాంటీబాడీ ఖండం అంటే, లక్ష్యాన్ని పట్టుకునే భాగాన్ని మాత్రం ఉంచి మిగతాదాన్ని తీసివేసిన యాంటీబాడీ. రక్తంలో ఎక్కువగా ఉండే ఐజీజీ తరగతి యాంటీబాడీకి రెండు చేతులు, ఒక కాడ ఉంటాయి. చేతుల కొసలు తమకు సరిపడిన పదార్థాన్ని పట్టుకుంటాయి. ఎఫ్‌సీ భాగం అని పిలిచే కాడ రోగనిరోధక కణాలను రప్పిస్తుంది, యాంటీబాడీ రక్తంలో వారాల తరబడి నిలిచేలా చూస్తుంది. అలెర్జీ శ్వాసనాళ వాపులో, పుప్పొడి, దుమ్ముపురుగు వంటి హాని లేని పదార్థానికి శరీరం అతిగా స్పందిస్తుంది. నాళాల గోడల్లోకి ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు చేరతాయి, జిగట కఫం పెరుగుతుంది, కొద్దిపాటి ప్రేరణకే నాళాలు ముడుచుకుంటాయి. ఉబ్బసంలో చాలా భాగానికి మూలం ఇదే.

ఈ వాపును యాంటీబాడీ ఖండాలతో ఆపే ప్రయత్నాలు మొదట చిట్టెలుకల్లోనే జరుగుతాయి. ఎలుకలో ఖండం పనిచేసిందంటే, ఆ వ్యాధి గొలుసులో ఫలానా లంకె నిజంగా పనిచేస్తోందని తేలినట్టు. ఆ లంకె మనిషిలోనూ అంతే ముఖ్యమా, కాడ లేని యాంటీబాడీ ఆ పనికి తగినదా, ఎదుట ఉన్న రోగి వాపుకు కారణం అదేనా అన్న మూడు ప్రశ్నలకు ఎలుక జవాబు చెప్పదు. దక్షిణ రాయలసీమ వైద్య చరిత్రలో ఈ మూడు ప్రశ్నలనూ పరీక్షించగల నిదర్శనాలు రెండున్నాయి. ఒకటి మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1940 నాటి పరిశీలన. రెండోది ఈ ప్రాంతపు ఆసుపత్రుల్లో ఏళ్లుగా వాడుతున్న పాము విషం విరుగుడు. అది కూడా యాంటీబాడీ ఖండమే.

చరిత్ర

1890ల్లో గుర్రాల రక్తరసాన్ని విరుగుడు మందుగా వాడినప్పుడు అందులో ఏది పనిచేస్తోందో ఎవరికీ తెలియదు. 1959లో ఇంగ్లండ్‌లో రాడ్నీ పోర్టర్ పపైన్ అనే ఎంజైముతో యాంటీబాడీని మూడు ముక్కలు చేశాడు. పచ్చి బొప్పాయి కాయ పాలలో ఉండే పదార్థమే పపైన్; ముదురు మాంసం మెత్తబడడానికి బొప్పాయి ముక్క వేసే వంటింటి పద్ధతి వెనక ఉన్నదీ ఇదే. ఆ మూడింటిలో రెండు ముక్కలు లక్ష్యాన్ని పట్టుకున్నాయి, మూడోది పట్టుకోలేదు. 1960లో ఆల్ఫ్రెడ్ నిసొనాఫ్ పెప్సిన్ వాడి, రెండు చేతులూ కలిసే ఉన్న ఖండాన్ని రాబట్టాడు. పోర్టర్‌కు, జెరాల్డ్ ఎడల్‌మన్‌కు 1972లో నోబెల్ వచ్చింది. 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారు చేసే పద్ధతి కనిపెట్టారు. 1988 నాటికి చేతి కొసలను జన్యు స్థాయిలో ఒకే గొలుసుగా కుట్టడం సాధ్యమైంది. 1993లో ఒంటె జాతి జంతువుల్లో, చేతుల్లో జతగా ఉండే తేలిక గొలుసు లేకుండా ఒంటి కొసతోనే పట్టుకునే యాంటీబాడీలు ఉన్నాయని బెల్జియం శాస్త్రవేత్తలు ప్రకటించారు. బాక్టీరియాను ఆశించే వైరస్‌ల మీద ఖండాలను నిలబెట్టి ఎంపిక చేసే పద్ధతికి జార్జ్ స్మిత్, గ్రెగరీ వింటర్ 2018 నోబెల్‌లో వాటా పొందారు.

అలెర్జీ వైపు చరిత్ర వేరే దారిలో నడిచింది. అలెర్జీని రక్తరసం ద్వారా ఒకరి నుంచి మరొకరికి పంపవచ్చని 1921లో ప్రౌస్నిట్జ్, కుస్ట్నర్ చూపారు. ఆ పని చేసేది ఐజీఈ అనే తరగతి యాంటీబాడీ అని 1960ల చివర్లో తేలింది. 1986లో మాస్మన్, కాఫ్‌మన్ ఎలుకల సహాయక టీ కణాలు రెండు రకాలని గుర్తించారు. అందులో రెండో రకం విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-4, 5, 13 అనే సంకేత ప్రొటీన్లు అలెర్జీ వాపును నడుపుతాయి. రెండు చరిత్రలూ ఇక్కడే కలిశాయి, ఎందుకంటే పట్టుకోవలసిన లక్ష్యాలు ఏవో అప్పటికి తెలిశాయి.

ఖండాల రకాలు

పూర్తి ఐజీజీ బరువు సుమారు 150 కిలోడాల్టన్లు. పెప్సిన్‌తో వచ్చే రెండు చేతుల ఖండం దాదాపు 110, పపైన్‌తో వచ్చే ఒంటి చేతి ఫ్యాబ్ దాదాపు 50, ఒకే గొలుసుగా కుట్టిన ఖండం 25 నుంచి 28, ఒంటె జాతి నానోబాడీ సుమారు 15 కిలోడాల్టన్లు ఉంటాయి. పరిమాణం తగ్గే కొద్దీ ఖండం కణజాలంలోకి సులభంగా దూరుతుంది, కాని శరీరంలోంచి త్వరగా వెళ్లిపోతుంది. ఐజీజీ రక్తంలో సగానికి తగ్గడానికి మూడు వారాలు పడితే, ఫ్యాబ్‌కు గంటలే చాలు. కొడవలికి పిడి తీసేస్తే పదును పోదు, కాని చేతిలో నిలవదు. కాడ తీసిన యాంటీబాడీ పరిస్థితి అలాంటిదే. అందుకే కొన్ని ఖండాలకు పాలిథిలిన్ గ్లైకాల్ తోక తగిలిస్తారు. కొన్నింటికి రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకునే అదనపు కొస చేరుస్తారు.

తయారీలో ఒక తేడా ఉంది. పూర్తి యాంటీబాడీకి సాధారణంగా క్షీరద కణాలు కావాలి. ఫ్యాబ్‌ను, అంతకన్నా చిన్న ఖండాలను ఈ.కోలై బాక్టీరియాలోనూ తీయవచ్చు. ఖండాలు చవకగా దొరుకుతాయన్న ఆశకు ఇదే ఆధారం. ఆ ఆశ ఎంతవరకు నిజమో ‘ఆక్షేపణలు’ విభాగంలో చూడవచ్చు.

ఎలుక నమూనా

ఎలుకలకు తమంతట తాముగా ఉబ్బసం రాదు, దాన్ని తెప్పించాలి. ఎక్కువగా వాడే పద్ధతిలో బాల్బ్-సీ అనే జాతి ఎలుకకు కోడిగుడ్డు తెల్లసొనలోని ఓవాల్బుమిన్‌ను పటిక జాతి అల్యూమినియం లవణంతో కలిపి పొట్టలోకి సూది వేస్తారు. రెండు వారాల తరువాత మరో మోతాదు ఇస్తారు. ఆ పైన అదే ప్రొటీన్‌ను తుంపరగా పీల్పిస్తారు. కొద్ది రోజుల్లో ఊపిరితిత్తులు కడిగిన ద్రవంలో, మామూలుగా దాదాపు కనిపించని ఇయోసినోఫిల్స్ ప్రధాన కణాలవుతాయి. నాళాలను బిగించే మెథకోలిన్ పీల్పించినప్పుడు నాళం ఎంత ముడుచుకుంటుందో కొలుస్తారు. కఫం చేసే కణాలకు రంగు వేసి లెక్కిస్తారు. ఖండం పీల్చిన లేదా సూది ద్వారా పొందిన గుంపులో ఈ కొలతలు ఎంత తగ్గాయన్నదే ప్రయోగ ఫలితం.

ఈ పద్ధతి బలం దాని స్పష్టతే. జాతి ఒకటే, తిండి ఒకటే, కారణం ఒకటే, తేదీ కూడా తెలుసు. 1998లో ఇంటర్‌ల్యూకిన్-13ను అడ్డుకుంటే ఎలుకలో నాళాల అతిస్పందన, కఫం రెండూ తగ్గుతాయని, దాన్ని బయటి నుంచి ఇస్తే అవే లక్షణాలు వస్తాయని అమెరికాలో రెండు బృందాలు చూపాయి. పలు కారణాలు కలగలిసిన మనిషి వ్యాధిలో ఇంత నేరుగా నిరూపించడం అసాధ్యం.

పరిమితులు కూడా అక్కడే ఉన్నాయి. ఎలుక ముక్కుతోనే గాలి పీలుస్తుంది. దాని శ్వాసనాళాల శాఖలు తక్కువ, చుట్టూ ఉండే కండర పొర పలుచన. ఓవాల్బుమిన్‌ను ఎక్కువ కాలం పీల్పిస్తే ఎలుక దానికి అలవాటు పడి వాపు తగ్గిపోతుంది, మనిషి ఉబ్బసం మాత్రం దశాబ్దాలు ఉంటుంది. తిరుపతి, చిత్తూరు పరిసరాల్లో మనుషులు పీల్చేది గుడ్డు ప్రొటీన్ కాదు. వయ్యారిభామ పుప్పొడి, ఇంటి దుమ్ముపురుగు, పట్టుగూళ్ల నుంచి దారం తీసేచోట గాల్లో తేలే ప్రొటీన్ ధూళి ఇక్కడి అలెర్జీ కారకాలు. దారం తీసే కేంద్రాల కార్మికుల్లో వృత్తి వల్ల వచ్చే ఉబ్బసాన్ని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 1985లోనే నమోదు చేశారు. మదనపల్లె, పలమనేరు ప్రాంతాలు అదే పట్టు మండలంలోవి. ఇటువంటి కారకాల్లో కొన్నింటికి సొంత ఎంజైములు ఉంటాయి, అవి నాళాల పొరను నేరుగా దెబ్బతీస్తాయి. అందుకే ఇటీవలి ప్రయోగాల్లో ఓవాల్బుమిన్‌కు బదులు దుమ్ముపురుగు సారాన్ని పటిక లేకుండా ముక్కులోనే వేస్తున్నారు.

మరో అంశం తరచు మరుగున పడుతుంది. చాలా ప్రయోగాల్లో ఖండాన్ని అలెర్జీ కారకానికి ముందో, దానితో పాటో ఇస్తారు. అది నివారణ. రోగి ఆసుపత్రికి వచ్చేసరికి వాపు స్థిరపడి ఉంటుంది. ముందే ఇచ్చి సాధించిన ఫలితాన్ని చికిత్స ఫలితంగా లెక్కించకూడదు.

పనితీరు

ఖండం మూడు విధాలుగా పనిచేయగలదు. సంకేత ప్రొటీన్‌ను దారిలోనే పట్టుకోవచ్చు. ఆ ప్రొటీన్ అతుక్కునే గ్రాహకాన్ని మూసేయవచ్చు. అలెర్జీ రసాయనాలను నిల్వ ఉంచుకునే మాస్ట్ కణం మీద ఐజీఈ కూర్చోకుండా ఆపవచ్చు. మూడో పనిలో ఖండానికి అసలైన ఆధిక్యం ఉంది. మాస్ట్ కణం మీది ఐజీఈ గ్రాహకాలను రెండు చేతుల యాంటీబాడీ పట్టుకుంటే పక్కపక్క గ్రాహకాలు జతపడి, కణం తన హిస్టమిన్‌ను వదిలేస్తుంది. ఆపాలనుకున్న ప్రతిచర్యను మందే రేపినట్టవుతుంది. ఒంటి చేతి ఫ్యాబ్ గ్రాహకాన్ని మూస్తుంది గాని జతపరచదు.

దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ బెన్‌రాలిజుమాబ్. 2017లో అమెరికాలో ఆమోదం పొందిన ఈ పూర్తి యాంటీబాడీ ఇయోసినోఫిల్ మీది ఇంటర్‌ల్యూకిన్-5 గ్రాహకాన్ని పట్టుకుని, తన కాడ సాయంతో సహజ హంతక కణాలను పిలిచి దాన్ని చంపిస్తుంది. దీని నుంచి కాడ తీసేస్తే మందు ముఖ్యమైన పనే పోతుంది. కాబట్టి ఖండం మేలా, పూర్తి యాంటీబాడీ మేలా అన్న ప్రశ్నకు లక్ష్యం పేరు చెప్పకుండా జవాబు లేదు.

పీల్చే పద్ధతి విషయంలోనూ ఇదే తర్కం వర్తిస్తుంది. ఒకటి నుంచి ఐదు మైక్రాన్ల తుంపర లేదా పొడి లోతైన నాళాలకు చేరుతుంది. అక్కడ చిన్న ఖండం పొరల్లోకి చొచ్చుకుపోగలదు, తక్కువ మోతాదు సరిపోవచ్చు, శరీరమంతటా మందు పారదు. అయితే పూర్తి యాంటీబాడీ కాడను పట్టుకుని పొర దాటించే గ్రాహకం శ్వాసనాళాల్లో ఉంది. ఖండానికి ఆ వాహనం లేదు. అది రోజూ పీల్చవలసిన మందు అవుతుంది గాని, నెలకొక సూది కాలేదు.

మనుషుల్లో ఫలితాలు

ఉబ్బసానికి ఇప్పటిదాకా ఆమోదం పొందిన యాంటీబాడీ మందులన్నీ పూర్తి యాంటీబాడీలే: 2003లో ఒమలిజుమాబ్, 2015లో మెపోలిజుమాబ్, 2018లో డుపిలుమాబ్, 2021లో టెజెపెలుమాబ్ ఆ వరుసలో ముఖ్యమైనవి. ఎలుక ఇచ్చిన సూచన మనిషిలో ఎలా మారుతుందో ఈ వరుసలోనే కనిపిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-5ను ఆపితే ఇయోసినోఫిల్స్ తగ్గుతాయని జంతువులు చెప్పాయి. 2000లో లాన్సెట్‌లో వచ్చిన పరీక్షలో మనుషుల్లోనూ తగ్గాయి, కాని నాళాల అతిస్పందన తగ్గలేదు. మందు విఫలమైందని చాలామంది అనుకున్నారు. 2009లో, స్టెరాయిడ్ వాడినా ఇయోసినోఫిల్స్ తగ్గని రోగులనే ఎంచుకుని పరీక్షించినప్పుడు తీవ్ర ఆయాసం దాడులు గణనీయంగా తగ్గాయి. మందు మారలేదు, రోగిని ఎంచుకునే తీరు మారింది.

ఇంటర్‌ల్యూకిన్-13 కథ ఇంకా చెప్పుకోదగినది. ఎలుకలో అంత స్పష్టంగా కనిపించిన ఈ లక్ష్యంపై లెబ్రికిజుమాబ్, ట్రాలోకినుమాబ్ అనే రెండు పూర్తి యాంటీబాడీలు పెద్ద పరీక్షల్లో నిలకడైన మేలు చూపలేకపోయాయి. ఇంటర్‌ల్యూకిన్-4, 13 రెండూ వాడుకునే గ్రాహకాన్ని మూసిన డుపిలుమాబ్ నెగ్గింది. వెనక్కి తగ్గిన ఆ రెండు మందులూ తరువాత ఎగ్జిమా అనే చర్మవ్యాధికి ఆమోదం పొందాయి. అంటే ఎలుక చూపిన లంకె అబద్ధం కాదు. అది మనిషి ఊపిరితిత్తుల్లో ఒంటరిగా లేదు, అంతే.

ఖండాల విషయానికొస్తే, ఇంటర్‌ల్యూకిన్-13ను పట్టుకునే ఒక ఫ్యాబ్‌ను పొడిగా పీల్పించిన మొదటి మానవ పరీక్ష 2018లో వెలువడింది. తేలికపాటి ఉబ్బసం ఉన్నవారి ఊపిరిలో, వాపుకు గుర్తుగా కొలిచే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గింది. టీఎస్‌ఎల్‌పీ అనే సంకేత ప్రొటీన్‌ను పట్టుకునే ఎక్లెరాలిమాబ్ అనే పీల్చే ఫ్యాబ్, అలెర్జీ కారకం పీల్చాక వచ్చే నాళ సంకోచాన్ని తగ్గించిందని 2023లో ప్రచురితమైంది. టీఎస్‌ఎల్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-13 రెంటినీ పట్టుకుంటూ ఆల్బుమిన్ ఆసరాతో నిలిచే లున్సెకిమిగ్ అనే నానోబాడీ మందు కూడా మనుషుల పరీక్షల దశకు చేరింది. వీటికి ముందు 1999లో పూర్తి యాంటీబాడీ అయిన ఒమలిజుమాబ్ మందునే తుంపరగా పీల్పించినప్పుడు ఫలితం రాలేదు. పైగా ఒకరిలో మందుకే వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టాయి. పీల్చే ప్రొటీన్ మందే కొత్త అలెర్జీ కారకం కావచ్చన్న జాగ్రత్త అప్పటి నుంచే ఉంది.

ఆరోగ్యవరం: కారణం వేరైన వాపు

మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ శానటోరియం 1910లలో మొదలైంది. దేశంలో బీసీజీ టీకా కార్యక్రమానికి 1948లో శ్రీకారం చుట్టిన ఊరుగా మదనపల్లె పేరు ప్రజారోగ్య చరిత్రలో ఉంది. దానికి ఎనిమిదేళ్ల ముందు, 1940లో, శానటోరియం వైద్యులు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్, ఆర్.ఎం. బార్టన్ ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. క్షయ అనుకుని వచ్చిన రోగుల్లో కొందరికి ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా మచ్చలున్నా, అది క్షయ కాదని, రక్తంలో ఇయోసినోఫిల్స్ విపరీతంగా ఉన్నాయని వారు వర్ణించారు. 1943లో వైన్‌గార్టెన్ దీనికి ట్రాపికల్ ఇయోసినోఫిలియా అని పేరు పెట్టాడు. జనం నోట ‘ఈస్నోఫిలియా’గా నలిగిన మాటకు వెనక ఉన్న అసలు వ్యాధి ఇది. రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, ఆయాసం చూస్తే ఉబ్బసమనే అనిపిస్తుంది.

కారణం మాత్రం ఫైలేరియా పురుగు పిల్లలపై శరీరం చూపే అతిస్పందన అని తరువాతి దశాబ్దాల్లో తేలింది. యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1947లో వెలుగులోకి తెచ్చిన డైఇథైల్‌కార్బమజిన్, మూడు వారాల మాత్రలతో దీన్ని చాలామందిలో అదుపు చేస్తుంది. చిత్తూరు జిల్లా ఫైలేరియా నివారణ మాత్రల సామూహిక పంపిణీ జరిగిన జిల్లాల్లో ఒకటి కావడంతో ఈ సంగతి పాత ముచ్చటగా మిగిలిపోదు.

ట్రాపికల్ ఇయోసినోఫిలియాలో కణాల చిత్రం, ఓవాల్బుమిన్ పీల్చిన ఎలుక ఊపిరితిత్తి చిత్రం దగ్గరి పోలికవి: ఇయోసినోఫిల్స్, ఐజీఈ, రెండో రకం టీ కణాలు. ఇంటర్‌ల్యూకిన్-5ను పట్టుకునే ఖండం రెంటిలోనూ కణాల లెక్కను తగ్గించగలదు. అయితే ఆరోగ్యవరం రోగిలో అలా చేస్తే పురుగు అలాగే ఉండి, దానిపై పోరాడే కణాలు తగ్గుతాయి. కొలత మెరుగుపడుతుంది, రోగ కారణం మిగిలిపోతుంది. ఐజీఈని, ఇయోసినోఫిల్స్‌ను తగ్గించే మందుల సూచన పత్రాల్లో పురుగు జబ్బుల గురించి హెచ్చరిక ఉండడానికి కారణం ఇదే.

పాము విషం విరుగుడు: వాడుకలో ఉన్న ఖండం

భారతీయ యాంటీ స్నేక్ వెనం, గుర్రం యాంటీబాడీలను పెప్సిన్‌తో కోసి తీసిన రెండు చేతుల ఖండాల మిశ్రమం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు ఒకే సీసా పనిచేస్తుంది. ప్రమాణం ప్రకారం ఒక మిల్లీలీటరు మందు నాగుపాము, రక్తపింజర విషాలను 0.6 మిల్లీగ్రాము చొప్పున, కట్లపాము, చిన్నపింజర విషాలను 0.45 మిల్లీగ్రాము చొప్పున నిర్వీర్యం చేయాలి. హైదరాబాద్‌లోనూ ఈ మందు తయారవుతుంది. విషం చాలావరకు చెన్నై దగ్గరి వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరుళ పాములవారి సహకార సంఘం నుంచి వస్తుంది. 2005లో దేశంలో పాముకాటు మరణాలు సుమారు 46 వేలని, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 5 వేలు దాటిందని 2011లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది.

ఈ మందు బలాన్ని కొలిచేదీ ఎలుకలోనే. విషాన్ని, మందును కలిపి ఎక్కించి ఎన్ని ఎలుకలు బతికాయో చూస్తారు. ఉబ్బసం విషయంలో తడబడిన ఎలుక ఇక్కడ ఎందుకు పనికొస్తోంది? విషం బయటి నుంచి వచ్చిన పదార్థం. దాన్ని ఖండం పట్టుకుందా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న, ఆ పట్టు ఎలుక రక్తంలోనైనా మనిషి రక్తంలోనైనా ఒకటే. ఉబ్బసంలో లక్ష్యం శరీరం సొంత సంకేతం. ఒక సంకేతం ఆగితే మరొకటి దాని పని అందుకోవచ్చు, ఆ ప్రత్యామ్నాయాలు జాతిని బట్టి మారతాయి. పాము మందు పరీక్షలోనూ లోపముంది: కాటు పడిన మనిషిలో మందు విషంతో కలిసి వెళ్లదు, గంటల తరువాత వెళ్తుంది. ముందే ఇచ్చే ఖండంతో చేసే ఉబ్బసం ప్రయోగాలపై పైన చెప్పిన ఆక్షేపణ ఇక్కడా వర్తిస్తుంది.

ఖండం త్వరగా వెళ్లిపోవడం వల్ల వచ్చే చిక్కు కూడా పాముకాటులోనే రుజువైంది. అమెరికాలో 2000లో వచ్చిన ఫ్యాబ్ విరుగుడు వాడినప్పుడు, మందు తొలగిపోయాక కొందరిలో రక్తం గడ్డకట్టని స్థితి తిరిగి వచ్చింది. 2015లో ప్రచురితమైన పోలిక పరీక్షలో రెండు చేతుల ఖండంతో ఆ తిరగబెట్టడం తక్కువగా కనిపించింది.

ఆక్షేపణలు, సమాధానాలు

కాడ లేకపోతే దుష్ఫలితాలు ఉండవని ఒక వాదం. పాము మందుకు కాడ ఉండదు, అయినా దాన్ని ఎక్కించినప్పుడు దద్దుర్లు, రక్తపోటు పడిపోవడం, శ్వాసనాళాలు బిగుసుకోవడం తెలిసిన సంగతులే. అందుకే పక్కనే అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుతారు. 2011లో శ్రీలంక పరీక్షలో ముందుగా ఇచ్చిన తక్కువ మోతాదు అడ్రినలిన్ ఈ ప్రతిచర్యలను తగ్గించింది, హైడ్రోకార్టిసోన్, ప్రొమెథజిన్ తగ్గించలేదు. గుర్రం ప్రొటీన్‌ను, మనిషి యాంటీబాడీకి దగ్గరగా మలచిన ఖండాన్ని ఒకే గాటన కట్టకూడదన్న అభ్యంతరం సమంజసమే, ప్రమాదం అక్కడ చాలా తక్కువ. అయినా ప్రమాదానికి మూలం కాడ మాత్రమే కాదని దీంతో తేలింది.

చిన్న ఖండం లోతుగా దూరి ఎక్కువ మేలు చేస్తుందన్నది రెండో వాదం. దీన్ని నేరుగా పరీక్షించిన సందర్భం కంటి వైద్యంలో ఉంది. రెటీనా వ్యాధికి 2006లో వచ్చిన రానిబిజుమాబ్ ఒక ఫ్యాబ్. పూర్తి యాంటీబాడీ రెటీనా పొరలు దాటలేదన్న అంచనాతో దాన్ని రూపొందించారు. 2011లో వెలువడిన పోలిక పరీక్షలో పూర్తి యాంటీబాడీ అయిన బెవాసిజుమాబ్ చూపును దాదాపు సమానంగానే కాపాడింది. బాక్టీరియాలో తయారైన ఫ్యాబ్ ధర మాత్రం చిన్న మోతాదులుగా విడగొట్టిన బెవాసిజుమాబ్ కన్నా చాలా ఎక్కువ. తయారీ ఖర్చు తగ్గినంత మాత్రాన మందు ధర తగ్గదని కూడా అక్కడే తెలిసింది.

మూడో ఆక్షేపణ ఎదురు వైపుది: ఇన్ని తేడాలుంటే ఎలుక ప్రయోగాలే అనవసరమని. ఇంటర్‌ల్యూకిన్-4, 5, 13 లక్ష్యాలు తెలిసింది ఎలుకల వల్లే. వాటిపై వచ్చిన మందులు నేడు తీవ్ర ఉబ్బసం రోగులకు నోటి స్టెరాయిడ్ల అవసరాన్ని తగ్గిస్తున్నాయి. ఎలుకను తీసేయాలన్నది ఈ వ్యాసం వాదన కాదు. వాపు స్థిరపడ్డాక ఖండం ఇవ్వడం, స్థానిక అలెర్జీ కారకాలు వాడడం, అదే ఖండం మనిషి నాళ కణాల పెంపకంలోనూ పనిచేసిందని చూపడం జరిగితే ఎలుక ఫలితానికి విలువ పెరుగుతుంది.

నియమాలు, ప్రస్తుత స్థితి

భారతదేశంలో జంతు ప్రయోగాలు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ పర్యవేక్షణలో జరుగుతాయి. మనుషుల్లో పరీక్షలకు 2019 నాటి నూతన ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వర్తిస్తాయి. 2023 సవరణతో జంతువులు లేని పద్ధతులకూ, అంటే మనిషి కణాలతో పెంచిన సూక్ష్మ అవయవాలు, చిప్ మీది అవయవాలు, కంప్యూటర్ నమూనాలకు చోటు దొరికింది. ఉబ్బసం రోగుల్లో అత్యధికులకు పీల్చే స్టెరాయిడ్ మందు క్రమం తప్పక వాడడమే మొదటి చికిత్స. యాంటీబాడీ మందుల ఊసు వచ్చేది, అది సరిగా వాడినా లొంగని కొద్దిమంది విషయంలోనే. ఆ కొద్దిమందిలోనూ ఈ ప్రాంతంలో ఇయోసినోఫిల్స్ ఎక్కువగా కనిపిస్తే, ఫైలేరియా, పేగు పురుగుల పరీక్షలు చేశాకే లక్ష్యం ఎంచుకోవాల్సి ఉంటుంది.